ముడి లేని కుట్టు

2022 వానాకాలం. పటమటలో నాది కుట్టు సామాన్ల కొట్టు, పై గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. షట్టరు వేశాక మర్నాడు పొద్దుటిదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. అందుకేనేమో, కొట్టుకొచ్చిన వాళ్ళకి అడక్కపోయినా పాఠాలు చెబుతాను.

ఒక రోజు గుణదల నుంచి ఏడుకొండలు గారు వచ్చారు. పుట్టింది బందరు తీరంలో, ఇక్కడ చేపల వ్యాపారం. సంచిలోంచి సగం కుట్టిన నీడిల్‌పాయింట్ ఊలు పటం తీసి బల్ల మీద పరిచారు. నీలం రంగు మీద రెండు చిలకలు. ఒకటి పూర్తయింది, రెండోదానికి తల మాత్రమే ఉంది.

"మా ఆవిడ నాంచారమ్మ మొదలెట్టిందండీ. మధ్యలోనే పోయింది. సంవత్సరీకం నాటికి గోడకి పెట్టాలి. ఊలు ఇవ్వండి."

"కుట్టేదెవరండీ?"

"నేనేనండీ."

నవ్వు ఆపుకుని పాఠం అందుకున్నాను. కన్నాలు కన్నాలుగా ఉండే ఈ గట్టి గుడ్డ కాన్వాస్. సూది మొన మొద్దుగా ఉంటుంది, కన్నంలో దూరాలి గానీ గుడ్డను చీల్చకూడదు. గడికొక ఏటవాలు కుట్టు వేస్తే అది టెంట్ స్టిచ్. కాన్వాస్ ఎక్కడా కనపడకుండా ఊలుతో కప్పేయాలి. దొరసానులతో వచ్చిన ఈ పని మిషన్ బడుల్లో మన ఆడపిల్లల చేతికందింది.

"మా ఆవిడా బళ్ళోనే నేర్చుకుందండీ," అన్నారాయన.

కొన్నాళ్ళకి తెచ్చి చూపించారు. పైన అంతా బుడిపెలు. వెనక్కి తిప్పితే, ఓరి దేవుడా, కుట్టు కుట్టుకీ ముడి!

"ఇదేం పనండీ బాబూ, ఇదేమన్నా వలా?" అని కసిరాను.

"ముడి లేకపోతే ఎట్టా ఆగుద్దండీ? వలకైతే కన్ను కన్నుకీ వేస్తాం."

"దారం కొస వెనకాల వదిలెయ్యండి. తర్వాతి కుట్లు దాని మీదుగా పోయి అవే పట్టుకుంటాయి."

"పక్కవే పట్టుకోవాలన్నమాట," అని ముడులన్నీ కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టారు.

అప్పట్నుంచి మధ్యాహ్నం చేపలమ్మడం అవగానే వచ్చి నా స్టూలు మీద కూర్చుని కుట్టేవారు. మొదట్లో చేపల వాసనకి ముక్కు చిట్లించాను. తర్వాత్తర్వాత ఆ వాసన రాకపోతే గుమ్మం వైపు చూసేదాన్ని.

ఇంతలో నీలం ఊలు అయిపోయింది. అదే నంబరు తెప్పించాను గానీ డై లాట్ వేరు, అంటే ఇంకో దఫా అద్దకం. రంగు కాస్త వెలిసినట్టుంది.

"అతుకు తెలిసిపోతుందండీ. పాత నీలం విప్పేసి, మొత్తం దీంతోనే కుట్టేద్దామా?"

"ఆవిడ కుట్టింది విప్పుతారా!" ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. కాసేపటికి తనే తగ్గారు. "తెలియనివ్వండి. ఎక్కడిదాకా ఆవిడో, ఎక్కణ్ణుంచి నేనో తెలియాలి కదండీ."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఊలు వెతుకుతున్నట్టు లోపలికి వెళ్ళిపోయాను.

అనుకున్న రోజుకి పటం గోడకెక్కింది. ఇక నా కొట్టుతో ఆయనకేం పని? రావడం మానేశారు. ఒకటి రెండుసార్లు గుణదల దాకా వెళ్దామనుకున్నాను, ఏమని వెళ్ళను?

ఏ రంగు ఊలైనా ఒకే లాట్‌లో సరిపడా కొనుక్కోమని కొత్తవాళ్ళకి ఇప్పటికీ చెబుతాను. కుదరకపోతే మాత్రం కుట్టిందాన్ని విప్పొద్దంటాను, అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ముడి వెయ్యకండి, పక్క కుట్లే పట్టుకుంటాయని కూడా చెబుతాను. చెప్పి, షట్టరు దించి, పైకి వెళ్ళి ఒక్కదాన్నే అన్నం తింటాను.