మా అత్త కుట్టిన చీటీల సంచి

మా అత్త పోయిందని మరిది ఫోన్ చేసినప్పుడు నేను మదనపల్లెలో పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. "వదినా, అమ్మ లేదు. పాలు పిండేదానికని పోయి కొట్టంలోనే కూలబడిపోయింది. మేం పోయి సూసేలోపలే అయిపోయినాది" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ముందు వచ్చింది కోపం. ఆమెతో నాకొక తగువు మిగిలిపోయింది. నా మొదటి కాన్పు నాటి తగువు. ఎన్నిసార్లు కదిలించినా "పనుండాది, పోమ్మే" అని లేచిపోయే మనిషి, ఈసారి కూడా జవాబు చెప్పకుండానే లేచిపోయింది.

మా అత్తగారి ఊరు కురబలకోట పక్కన ఒక పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే గొర్రెలు. ఆమెకు అక్షరం ముక్క రాదు. మాట పడేది కాదు, మాట విడిచేదీ కాదు. బస్సులో కడుపుతో ఉన్న పిల్ల కనిపిస్తే అందరూ ఎన్నో నెల అని అడుగుతారు కదా, మా అత్త ఆ ప్రశ్న వేసేది కాదు. "ఎవురు సూస్తాండారమ్మా నిన్ను?" అనేది, బస్సంతా వినబడేటట్లు. ఒకసారి ఒక పిల్ల చిన్నబుచ్చుకుని, "మాకు ఏరుకునేంత యాడుందవ్వా, ఆస్పత్రిలో ఎవురుంటే వాళ్లే" అంది. "ఏరుకునేది లేకుంటే ఉండే ఆమెనే అడుగు. ఆమె పేరు తెలుసుకో, నీ పేరు ఆమెకు తెలిసేటట్టు చెయ్. దానికేం వచ్చింది రోగం?" అని గద్దించింది. నేను కిటికీ వైపు తిరిగి, ఈమె ఎవరో నాకు తెలియనట్లు కూర్చున్నాను.

పదిహేనేళ్ల కిందట నాకు మొదటి కడుపు. నాలుగో నెల పడగానే ఆమె డాక్టరును వెతకడానికి బయలుదేరింది, నన్ను వెంటేసుకుని. మా ఊరి నుంచి మదనపల్లె బస్సెక్కితే అరగంట లేదు. ఆ ఊళ్లో ఆస్పత్రులకు కరువా? ఆమె మాత్రం మదనపల్లె బస్టాండులో దిగి, ఊళ్లోకి అడుగు పెట్టకుండా, నన్ను పుంగనూరు బస్సెక్కించింది. పుంగనూరు డాక్టరమ్మది మంచి హస్తవాసి అని పక్కింటి పెద్దమ్మ చెప్పిందట. మా అత్తకు ఆ మాటే గిట్టదు. "హస్తవాసంట! చేతిలో ఏముంటాది? మన మాట చెవిన బెట్టుకుంటాదో లేదో అది సూడల్ల" అని దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. మరి గిట్టనప్పుడు పోవడమెందుకు? అడిగితే చెప్తే కదా.

అక్కడ నన్ను బరువు చూసుకోమని గది బయటకు పంపేసింది. తలుపుకు గుడ్డ పరదా మాత్రమే ఉంది. అంతా వినబడింది. "అమ్మా, తప్పుగా అనుకోవద్దు. నీ చేతికింద కాన్పులో ఎవురన్నా పోయినారా?" అని అడిగింది మా అత్త. లోపల డాక్టరమ్మ మండిపడింది. "పొద్దున్నే ఇవేం మాటలు? నమ్మకం లేకపోతే ఇంకో చోటికి పొండి." మేము ఇంకో చోటికే పోయాము.

ఆ ఇంకో చోటు కుప్పం, మా పుట్టినిల్లు. అక్కడ మా అమ్మ ముందుగానే ఒక డాక్టరమ్మను చూసి పెట్టింది. మా వీధి చివరే ఆస్పత్రి. మా అక్క కాన్పులు రెండూ ఆమే చేసింది. నవ్వుతూ మాట్లాడే మనిషి, నాకు బాగా నచ్చింది. మా అత్త మళ్లీ నన్ను బయటకు పంపి అదే ప్రశ్న వేసింది. "ఇంతవరకూ నా చేతికింద ఒక్కరికీ ఏమీ కాలేదమ్మా. మీరు నిశ్చింతగా ఉండండి" అని నవ్విందామె. బయట నా పక్కనే నిలబడిన మా అమ్మ ముఖం వెలిగిపోయింది. తిరుగు బస్సులో, పలమనేరు దాటాక, మా అత్త నోరు విప్పింది. "ఈమె వద్దు."

"యాల అత్తా? ఏం తక్కువైంది ఆమెకి?" అన్నాను. అప్పటికి నేను రెండుసార్లు వాంతి చేసుకుని ఉన్నాను.

"ఏమీ కాదనే మనిసి, ఏదన్నా అయ్యేటప్పుడు మనకి చెప్పదు."

ఇదేం లెక్క అని నాకు ఒళ్లు మండిపోయింది. కాన్పు చేసే ఆమె దగ్గరకు పోయి చావు మాట ఎత్తే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఇంటికొచ్చి మా ఆయనతో గొడవ పడ్డాను. ఆయన తల వంచుకుని, "అమ్మ సెప్పినట్టు పోనీలే" అన్నాడు. ఆయనకు ఒక అక్క ఉండేదని, మొదటి కాన్పులో పోయిందని నాకు తెలుసు. గోడ మీద ఫొటో ఉంది. కానీ ఆ ఫొటో గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు, నన్ను మాట్లాడనివ్వరు.

చిట్టచివరికి మదనపల్లె. అరగంట దూరంలో ఉన్న ఊరికి, రెండు ఊళ్లు చుట్టి వచ్చాము. చిన్న నర్సింగ్ హోం, వీధిలోంచి నాలుగు మెట్లు. మా అత్త కింద మెట్టు దగ్గర నిలబడి చాలాసేపు ఎక్కలేదు. మోకాళ్ల నొప్పేమో అనుకుని చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. లోపల డాక్టరమ్మ తెల్ల నూలు చీరలో, నవ్వులేమీ లేకుండా, నన్ను పరీక్ష చేసింది. నాకు నచ్చలేదు. మామూలుగానే నన్ను బయటకు పంపారు, మామూలుగానే పరదా వెనకనుంచి ఆ ప్రశ్న వచ్చింది. ఈసారి మాత్రం, "పోయినారమ్మా. ఇద్దరు" అన్న మాట వినబడింది. ఆపైన ఇద్దరూ గొంతు తగ్గించేశారు. మా అత్త కొంగుతో ముఖం తుడుచుకుంటూ బయటకొచ్చి, "ఈమే" అంది.

మరుసటి రోజే మామ పాత పంచె చింపి ఒక సంచి కుట్టింది. అరచేతికంత సంచి, మెడలో వేసుకునేందుకు తాడు. డాక్టరమ్మ రాసిచ్చిన ప్రతి చీటీ, ప్రతి రక్త పరీక్ష కాగితం అందులో పెట్టాలి. చేనికి పోయినా, చుట్టాలింటికి పోయినా అది నా మెడలో ఉండాలి. "చీటీ లేకుండా గడప దాటొద్దు." నేను డిగ్రీ చదివిన దాన్ని. బడిపిల్లకు పలక తగిలించినట్లు ఆ సంచి తగిలించుకుని పెళ్లిళ్లకు పోవడమంటే నాకెంత నామోషీయో! పమిట కింద దాచేదాన్ని. ఆమె అందరి ముందూ బయటకు లాగి చూసి, ఉందని నమ్మకం కుదిరాక మళ్లీ లోపలికి తోసేది.

ఏడో నెలలో మా అమ్మ, అక్క కుప్పం నుంచి గాజులూ చీరా తీసుకుని వచ్చారు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది మా వైపు ఎవరూ ప్రశ్నించని సంగతి. వేడుకంతా బాగా జరిగింది. మా అమ్మ నా బట్టల బ్యాగు చేతిలోకి తీసుకుంది. అప్పుడు మా అత్త గుమ్మంలో నిలబడి, "వదినా, గాజులు తొడిగినారు, సంతోసం. బిడ్డను మాత్రం పంపను" అంది.

"అదేం మాట వదినా? మా ఇంట్లో పురుడు పోసుకుంటే మీకేం నష్టం?"

"మీ ఇంటికి కాదు నేను వద్దనేది. ఏడు నెలలు ఒకామె సూసింది. ఈ బిడ్డ ఒళ్లు ఆమెకి తెలుసు. ఇప్పుడు తీసుకుపోయి తెలీనామె చేతిలో పెడతావా? నువ్వు రా. ఈడే ఉండు. నీ బిడ్డకి నువ్వే వండిపెట్టు."

వియ్యాలవారింట్లో ఉండి పురుడు పోయడం మా అమ్మకు తలవంపులు. ఏడ్చుకుంటూ ఒట్టి చేతులతో బస్సెక్కింది. మొదటి కాన్పుకు కోడల్ని పంపని అత్త అని చుట్టుపక్కల ఊళ్లన్నీ అనుకున్నాయి. కోడలితో చాకిరీ చేయించుకోవడానికే అని కొందరన్నారు. నేను రెండు రోజులు అన్నం తినలేదు. ఆమె గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, కూర్చుని, నేను తినేదాకా కదలకుండా కొట్లాడింది. అంత కొట్లాటలోనూ, ఎందుకు పంపలేదో ఒక్క మాట చెప్పలేదు.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున నా కాళ్లకు నీళ్లు పోస్తూ ఆగిపోయింది. మెట్టెలు వేళ్లలో ఇరుక్కుపోయి ఉన్నాయి. "తలనొప్పి ఉండాదా?" అంది. ఉందన్నాను. పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి నన్ను మదనపల్లెకు తీసుకుపోయింది. డాక్టరమ్మ బీపీ చూసి, నా మెడలో సంచి విప్పి చీటీలన్నీ బల్ల మీద వరసగా పరిచింది. పోయిన నెలది, పదిహేను రోజుల కిందటిది, ఈ రోజుది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. అమ్మాయి. ఇప్పుడు నా చెప్పులు దానికి సరిపోతున్నాయి.

కుప్పం పోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ నవ్వే డాక్టరమ్మ కూడా సరిగ్గానే చూసి ఉండేదేమో. మా అమ్మ ఆ మాట చాలా ఏళ్లు అంటూనే ఉంది, నేనూ కాదనలేదు. నన్ను కాల్చింది అది కాదు. ఒక మనిషి నా ఒంటి మీద, నా పుట్టింటి మీద ఇంత పెత్తనం చేసి, కారణం చెప్పకపోవడమేమిటి? రెండో కాన్పుకూ అదే డాక్టరమ్మ, అదే సంచి, అదే మౌనం. ఊళ్లో కడుపుతో ఉన్న ప్రతి పిల్లకూ సంచి కుట్టిచ్చేది. ఎందుకవ్వా అంటే, "సంచి కదా, ఉంటే పనికొస్తాది" అనేది.

ఆమె పోయిన మూడో రోజు, పల్లెలో మా ఇంటి ముందు ఆటో ఆగింది. డాక్టరమ్మ. బాగా పెద్దదైపోయింది, చేతికర్ర పట్టుకుని దిగింది. తిన్నె మీద కూర్చుని మంచినీళ్లు తాగి, గోడ మీద మా ఆడబిడ్డ ఫొటో వైపు చూసి, "ఈ అమ్మాయిని నా దగ్గరికే తెచ్చినారు, తెలుసా నీకు?" అంది.

నాకు తెలియదు. ఆమే చెప్పింది. ఆ అమ్మాయిని పుంగనూరు పక్క పల్లెకు ఇచ్చారు. అక్కడ డాక్టరు చూసి బీపీ ఉందని మందులు రాశారు. ఏడో నెలలో మా అత్తే పోయి, వేడుకగా పుట్టింటికి తెచ్చుకుంది. చీటీలు ఆ అమ్మాయి అత్తగారింట్లో పెట్టెలో ఉండిపోయాయి. కూతురు ఒళ్లు చేసి నిండుగా ఉందని, నొప్పులొచ్చినప్పుడు చూద్దాంలే అని, ఇక్కడ ఏ డాక్టరుకూ చూపించలేదు. ఫిట్స్ వచ్చాక మదనపల్లెకు మోసుకుపోయారు.

"ఇంతదాకా ఎవరు చూసినారు, చీటీ యాడమ్మా అని అడిగినాను. మీ అత్త నా మొహం చూస్తా నిలబడిపోయింది. నిన్ను తెచ్చిన రోజు, ఆ ప్రశ్న అడిగినప్పుడే గుర్తుపట్టినాను. కొంగులోంచి ఒక కాగితం తీసింది. కూతురి చీటీ. తర్వాత పోయి తెచ్చుకుందంట. ఇది ఆ పొద్దు ఉండింటే నా బిడ్డ బతికుండేదా అనింది. తెలీదమ్మా, నాకు దారి మాత్రం తెలిసుండేది అన్నాను. ఇంకేం చెప్పాల, అబద్ధం చెప్పలేను కదా."

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయింది మేడమ్?" అన్నాను. నా గొంతు లేచిపోయింది. "మా అమ్మకైనా చెప్పుండచ్చు కదా!"

"నేనూ అదే చెప్పినాను. కడుపుతో ఉండే పిల్లకి చెప్తే బయపడతాదమ్మా, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అనింది."

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే కోపం. ఆ నాలుగు మెట్లు మళ్లీ ఎక్కడానికి ఆమెకు రెండు ఊళ్లు తిరగాల్సి వచ్చింది. నేనేమో బస్సులో వాంతులు లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాను. సరే, ఆ రోజు భయపడతాననుకుంది. తర్వాతైనా చెప్పచ్చు కదా? నా ఇద్దరు పిల్లలు పెద్దవాళ్లయ్యాక చెప్పచ్చు కదా? థాంక్స్ చెప్పించుకోవడానికి కూడా ఆ మనిషికి తీరిక లేకపోయింది.

పదకొండో రోజు చుట్టాలందరి మధ్యలోకి, కింది వీధి పిల్ల ఒకతి నిండు కడుపుతో వచ్చి మొహమాటంగా నిలబడింది. "అక్కా, అవ్వ నాకు సంచి కుడతానన్నింది." కిటికీలో వెతికితే దొరికింది. మూడు వైపులే కుట్టి ఉంది. నాలుగో వైపు సగంలో, దారంతో సహా సూది గుచ్చి ఉంది. నేను అక్కడే కూర్చుని మిగతాది కుట్టడం మొదలుపెట్టాను. నాకు కుట్టు రాదు. వంకరగా పోతోంది. విప్పి మళ్లీ కుట్టాను, మళ్లీ వంకరే.

"మా అమ్మోళ్లింటికి పోతాండా అక్కా, పెద్దమండ్యం దిక్కు. ఎల్లుండి తీసుకుపోతారంట."

"ఆడ ఎవురు సూస్తారు నిన్ను?" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పంక్తిలో కూర్చున్న వాళ్లంతా తల తిప్పారు. మా అమ్మ కూడా తిప్పింది.

"ఆడ ఇంకా ఎవుర్నీ అనుకోల్యా. ఈడైతే మదనపల్లెలో..."

"అయితే పోవద్దు. పోతే మీ అమ్మను ముందుగా పోయి డాక్టరును మాట్లాడమను. ఆమెను ఒక మాట అడగమను. ఏమడగాల్నో నేను సెప్తా." చుట్టూ ఉన్నవాళ్లు నావైపు అదోలా చూస్తున్నారు. ఆ చూపులు నాకు తెలుసు. వాళ్లు మా అత్త వైపు అలాగే చూసేవాళ్లు, వాళ్లతో కలిసి నేనూ చూశాను.

మా అమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చి, నా చేతిలో సూది తీసుకుని, చివర ముడి వేసి, పళ్లతో దారం తెంపింది. ఆ పిల్ల చీటీలన్నీ మడిచి అందులో పెట్టుకుని మెడలో వేసుకుంది. తాడు ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి. సంచి కడుపు మీద పక్కకు వాలిపోతుంటే, దాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయింది.