నాలుగో పాట, నా చెవులు

మొరియోకా రైల్వే యార్డులో ముప్పై ఏళ్ళు నేను చేసిన పని, ఆగిన బండి చక్రాల్ని సుత్తితో తట్టుకుంటూ పోవడం. ఖంగుమంటే చక్రం బాగున్నట్టు, బొంగురుగా పలికితే పగులున్నట్టు. ఒయికావా తెత్సురో చెవులంటే, అంటే నా చెవులంటే, యార్డంతా గౌరవం. రిటైరయ్యాక సుత్తి అక్కడే ఇచ్చేశాను, గర్వం మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

పోయిన శరదృతువులో మా సీడీ ప్లేయర్ మూలపడింది. యాంప్లిఫయరూ స్పీకర్లూ నా పెళ్ళికి ముందువి, ఇంకా రాయిలా ఉన్నాయి. ప్లేయర్ ఒక్కటే కావాలి, అదీ తొందరగా కావాలి. మా ఆవిడ ఫుసాయె ఇరవై ఏళ్ళు పాడిన ఆడవాళ్ళ బృందం, అందరికీ వయసు మీదపడి మూసేస్తూ, గుర్తుగా ఒక సీడీ చేసి తలా ఒకటి ఇచ్చింది. అది ఇంటికొచ్చిన వారమే ఈ పాత ప్లేయర్ పోయింది.

ఖాళీ హాల్లో ఆ పాటలు రికార్డు చేసుకుని వచ్చిన రోజు ఫుసాయె బూట్లు విప్పుతూ, "ఇవాళ కొంచెం ఎక్కువ పాడానండీ" అంది.

"గొంతు నొప్పా?" అన్నాను.

"లేదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడితో నేనూ మరిచిపోయాను.

ప్లేయర్ పోయినప్పుడు, "మంచిది నేను వెతికి తెస్తాలే" అన్నాను. "కెక్కో" అంది.

మా భాషలో ఈ మాటతో అందరం తంటాలు పడుతూనే ఉంటాం. బాగుందన్నా కెక్కోయే, అక్కర్లేదన్నా కెక్కోయే. ఏదన్నది గొంతును బట్టి పట్టుకోవాలి. అంత వెతుకులాట అక్కర్లేదు, ఏదో ఒకటి చాలని ఆవిడ ఉద్దేశం. ఇనుములో పగులు పట్టే నా చెవులకు మాత్రం, బాగుంది, అలాగే కానివ్వండి అన్నట్టు వినపడింది.

ఇక చూడండి నా వైభవం. ప్రతి శనివారం ఆవిడ సీడీ కోటు జేబులో పెట్టుకుని స్టేషన్ వెనక పాత ఆడియో సామాన్ల కొట్టుకి పోయేవాణ్ణి. యజమాని హతకెయామా గారు వారానికొక ప్లేయర్ తగిలించి ఆ సీడీయే పెట్టేవారు. నేను కళ్ళు మూసుకుని విని నోటుబుక్కులో మార్కులు వేసేవాణ్ణి. "కింది స్వరాలు బరువు. పైస్వరాల్లో ఇసుక." ఇసుకంటే ఏమిటో నాకూ తెలియదు, రాసుకోవడానికి బాగుంది.

"దీన్ని తీసుకుంటారా, ఒయికావా గారూ?"

"వచ్చేవారం ఇంకోటి విందాం."

"తమ చెవులకు తగ్గది నా దగ్గర దొరకడం కష్టమే" అని ఆయన వంగి నమస్కరించేవారు. పొగడ్త అనుకుని నేను ఇంకాస్త వంగేవాణ్ణి.

మంచు పడింది, పేరుకుంది, కరగడం కూడా మొదలైంది. ఒక శుక్రవారం భోజనం దగ్గర ఫుసాయె అడిగింది. "నా సీడీ ఏదండీ?"

"కోటు జేబులో ఉంది. రేపు పదిహేడో ప్లేయర్."

"ఇప్పటికి ఎన్నిసార్లు విని ఉంటారు?"

"యాభై దాటాయి" అన్నాను గొప్పగా.

"నేను ఒక్కసారి కూడా వినలేదు."

ముల్లంగి ఊరగాయ ముక్క నా నోట్లోనే ఆగిపోయింది. మర్నాడు నాకంటే ముందే ఆవిడ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

కొట్లోకి అడుగుపెడుతూనే ఆవిడ తల వంచి, "మా ఆయన ఇన్నాళ్ళూ మిమ్మల్ని చాలా విసిగించారు, క్షమించాలి" అంది. తుడుస్తున్న గుడ్డ హతకెయామా గారి చేతిలో ఆగిపోయింది.

"అమ్మా, నాలుగో పాటలో ఒక్కరే పాడింది తమరు కదూ?"

ఫుసాయె ఎర్రబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పాడవలసినావిడకి జలుబు చేసింది. అప్పటికప్పుడు నన్ను పాడమన్నారు."

"శనివారం కోసం ఎదురుచూసేవాణ్ణండీ. ఈయన ఏదీ కొనకపోయినా ఏమీ అనకపోవడానికి ఆ పాటే కారణం."

ఆవిడ నావైపు తిరిగింది. "మీరు పోల్చుకున్నారా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ నోటుబుక్కు అప్పటికే తెరిచి బల్ల మీద పెట్టేశాను. నాలుగో పాటకి ఎదురుగా నా దస్తూరీలో ఇలా ఉంది: "ఎవరో ఒకావిడ. మధ్య స్వరాలు పరీక్షించడానికి పనికొస్తుంది." ఆవిడ చదివింది. సిగ్గుతో చచ్చిపోయాను. నలభై రెండేళ్ళుగా రోజూ నన్ను నిద్రలేపే గొంతు అది.

ఫుసాయె ప్లేయర్ల వైపు తిరిగింది. వరసగా ఒక్కో ప్లేయర్ మీట నొక్కి చూసింది. చలికాలం ఆవిడ వేళ్ళ కణుపులు బిగుసుకుపోతాయి. ఒకదాని మీట పెద్దది, సీడీ పెట్టే అర పూర్తిగా బయటికొచ్చింది.

"ఇది."

"దాని పైస్వరాల్లో కాస్త ఇసుక..."

"నా వేళ్ళకి ఇది వీలుగా ఉందండీ."

నోటుబుక్కు నిండా మార్కులే గానీ, ఆ వేళ్ళ సంగతి ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి వైర్లు తగిలించాను. సీడీ ఆవిడే పెట్టింది. నాలుగో పాట అయ్యేదాకా నేలవైపే చూస్తూ విని, "ఎలా ఉంది?" అంది.

"కెక్కో" అన్నాను.

"ఏ కెక్కో?"

"బాగుంది" అన్నాను. "చాలా బాగుంది, ఫుసాయె. నీ గొంతని నాకు తెలిసి ఉండాల్సింది."

ఆవిడ నాలుగో పాటే మళ్ళీ పెట్టింది.

"ఈసారి కళ్ళు తెరుచుకుని వినండి" అంది.