లచ్చవ్వ ఈల

దవడ కింద పూసిన అయొడిన్ వాసన తగిలితే చాలు, ఇన్నేళ్ళయినా నా వేళ్ళు చల్లబడతాయి. ఈ ఉదయం జగిత్యాలలో మా ఆపరేషన్ గదిలోనూ అంతే. వెంటనే విమల మేడం గుర్తొచ్చారు. కోరుట్లలో చిన్న ఆసుపత్రి ఆవిడది. నాకు కత్తి పట్టడం నేర్పిన సర్జన్. మనసు వెన్న, మాట మాత్రం పచ్చిమిరపకాయ.

ఒకరోజు సిరిసిల్ల నుంచి లచ్చవ్వ వచ్చింది. బీడీలు చుట్టి బతికే మనిషి. ఎడమ దవడ కింద నిమ్మకాయంత గడ్డ. ఇంట్లోవాళ్ళు సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారట. గడ్డ అలాగే ఉంది, పైతోలు మాత్రం కాలింది. "తంబాకు దుమ్ము మింగినవు, గిది క్యాన్సరే అంటున్నరు మేడం. నేను సచ్చిపోతనా?" అని ఏడ్చింది. మేడం ఒక వేలు ఆమె నాలుక కింద పెట్టి, రెండో చేత్తో బయటినుంచి ఒత్తి చూశారు. సూదితో నీరు తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు కోసం వచ్చిన రోజు లచ్చవ్వ గడ్డమంతా కొంగుతో కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. "నీటిగడ్డనే బిడ్డా, క్యాన్సర్ కాదు. కాలిన తోలు మాననియ్యి, తీసేద్దాం" అన్నారు మేడం.

కత్తి పట్టేముందు మేడందొక పద్ధతి. "లచ్చవ్వా, ఈల కొట్టు."

ఆమె బిత్తరపోయింది. "అయ్యో, ఆడోళ్ళు ఈల కొడ్తరా? మా అత్త ఇంటే ఇంట్లకు రానియ్యది!"

"మీ అత్త ఈడ లేదు గని, కొట్టు."

లచ్చవ్వ మూతి ముడిచింది. సన్నగా ఈల వచ్చింది. సిగ్గుతో పళ్ళన్నీ కనబడేలా నవ్వేసింది. మేడం నా వైపు తిరిగి, "కింది పెదవిని కదిపే నరం గా గడ్డ పక్కనుంచే పోతది. మంచిగ చూసుకో. గా నవ్వు మళ్ల గట్లనే ఇయ్యాలె మనం" అన్నారు.

గడ్డ పగలకుండా మొత్తంగా వచ్చింది. కోత అంచులు లాగి పట్టుకున్నది నేనే. మత్తు దిగాక మేడం నవ్వమన్నారు. ఎడమ పక్క కింది పెదవి కదల్లేదు.

మేడం ఏమీ దాచలేదు. "నరం తెగలే, నేను కండ్లార చూసిన. లాగితే నలిగింది. వస్తది, గని జర టైం పడ్తది" అని లచ్చవ్వకే చెప్పారు. బయటికొచ్చాక ఉండబట్టలేక, "తప్పకుండా వస్తదా మేడం?" అన్నాను.

"నాకు మాత్రం భయం లేదనుకున్నవా? ఆమె వచ్చినప్పుడల్లా నువ్వే చూడాలె. మొఖం చాటేస్తే ఊకోను."

ప్రతిసారీ నేనే చూశాను. చాయ్ తాగితే పెదవి మూలనుంచి కారేది. ఆమె కొంగుతో తుడుచుకుంటుంటే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. ఈల కొట్టమంటే గాలి తుస్సుమనేది.

ఒకరోజు ఓపీలో మేడం పక్కన కూర్చుని ఉండగా వరండాలో ఎవరో గట్టిగా ఈల వేశారు. "ఆసుపత్రి అనుకున్నారా, ఇంకేమన్నానా?" అని విసుక్కుంటూ లేచాను. గుమ్మంలో లచ్చవ్వ! వెనకాల వాళ్ళ అత్త. "బస్సుల గూడ గిదే పని మేడం, మా ఇజ్జత్ తీసింది" అంటూనే ఆ ముసలామె ముసిముసిగా నవ్వుతోంది. విమల మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

మేడం ఇప్పుడు లేరు. ఈ ఉదయం మా జిల్లాలోని ఇబ్రహీంపట్నం రైతుకు అలాంటి గడ్డే తీశాను. ముందు ఆయనతోనూ ఈల వేయించాను. గడ్డ శుభ్రంగా వచ్చింది. ఆయనకింకా మత్తు పూర్తిగా దిగలేదు. సిస్టర్ తెచ్చిపెట్టిన చాయ్ చల్లారిపోయింది. నేను మంచం పక్కనే స్టూలు వేసుకుని, ఆయన పెదవులనే చూస్తూ కూర్చున్నాను.