పదిహేను మిల్లీమీటర్ల వెడ్జ్, మూడు కిలోమీటర్ల బురద

2024 ఆగస్టు, మూడో శనివారం. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు, యాంగాన్ శివారు మింగళాడోన్‌లో బస్సుల చివరి మజిలీకి ఉత్తరంగా ఆరు కిలోమీటర్ల దూరంలో, వరి మడుల మధ్య గట్టు మీద యాభై ఏడేళ్ల స్త్రీ ఒకరు పరుగు మొదలుపెట్టారు. ఆమె ఎడమ మడమ వెనుక తొమ్మిది సెంటీమీటర్ల కుట్ల మచ్చ ఉంది. శస్త్రచికిత్స జరిగి ఆనాటికి 165 రోజులు. నిర్ణయించుకున్న దూరం 3.2 కిలోమీటర్లు. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. ఆమె వెనుక రెండు మీటర్ల ఎడంలో స్టాప్‌వాచ్ పట్టుకుని నేనున్నాను. పరుగెత్తరాదని ఆమెకు లిఖితపూర్వకంగా చెప్పిన క్లినిక్‌లోనే అప్పటికి నా ఉద్యోగం.

నేను ఫిజియోథెరపిస్టును. పంతొమ్మిదేళ్లుగా యాంగాన్‌లో విరిగినవాళ్లను, తెగినవాళ్లను మళ్లీ నడిపించడమే నా పని. అప్పట్లో సంచౌంగ్‌లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసేదాన్ని. ఇన్నేళ్లలో చూసిన కాళ్లలో చాలావాటి కొలతలు మరిచిపోయాను. అప్పలనరసమ్మ గారి కాలి కొలతలు మాత్రం ఇప్పటికీ కాగితం చూడకుండా చెప్పగలను.

ఆమెకు యాంగాన్‌లోని లత అనే పేటలో తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం ఉంది. చుట్టుపక్కల బర్మా వర్తకులు ఆమెను ‘డా నర్సా’ అంటారు; ‘డా’ అంటే పెద్దావిడ పేరు ముందు గౌరవంగా చేర్చే మాట. మార్చి మొదటి వారంలో అటక నిచ్చెన మీది నుంచి దిగుతూ చివరి మెట్టు అనుకుని నేల మీదికి దూకారు. అది చివరి మెట్టు కాదు. ఎడమ కాలి అకిలిస్ టెండన్, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే బలమైన నరపు తాడు, పూర్తిగా తెగింది. రెండో రోజున సర్జన్ దాన్ని కుట్టారు. ఆరో వారం చివర, మోకాలి దాకా బూటు తొడుక్కుని, ఊతకర్రలతో కూతురు జ్యోతిని వెంటబెట్టుకుని ఆమె నా గదిలోకి వచ్చారు.

మా క్లినిక్ ఫారంలో ‘చికిత్స లక్ష్యం’ అని ఒక గడి ఉంటుంది. అది నింపడానికి ఆమెను అడిగాను.

“ఏటి కావాలంటే, పరిగెట్టాల సయామా,” అన్నారు. సయామ అంటే బర్మా భాషలో గురువమ్మ, వైద్యురాలు. ఇక్కడి తెలుగువాళ్లం కూడా అలాగే పిలుచుకుంటాం.

“మెట్లెక్కడం, దుకాణంలో నిలబడడం అని రాస్తాను,” అన్నాను.

“అవి మీకు కావాల్సినవి గావాల. నాను సెప్పింది రాయండి.”

జ్యోతి తల పట్టుకుంది. “సయామ, ప్లీజ్, మీరైనా చెప్పండి. పదకొండేళ్ల నుంచి ప్రతి శనివారం ఇదే. ఎవరో ముందెళ్లి పేపర్ ముక్కలు జల్లుతారట, వీళ్లంతా వాటి వెనకాల పొలాల్లో పడి పరిగెడతారట. ప్రైజు లేదు, ఏం లేదు. ఇంటికొస్తే తెమీన్ నిండా బురద!” తెమీన్ అంటే ఆడవాళ్లు కట్టుకునే లుంగీ.

“తెమీన్ నాను ఉతుక్కుంతాను. నువ్వేటి ఉతుకుతున్నావా?” అన్నారు తల్లి. తరువాత నా వైపు తిరిగారు. “అందరూ ఇదే అడుగుతారు సయామా. మొక్కా అంటారు, ఎవులైనా పందెం కట్టారా అంటారు, ఒళ్లు తగ్గడానికా అంటారు. బాగుంటాది గనక పరిగెడతాను. అది కారణం కాదేటి?”

గడిలో ‘పరుగు’ అని రాశాను. నాకు తెలిసినంతలో ఆ క్లినిక్ ఫారాల్లో, యాభై దాటిన వ్యక్తి విషయంలో, ఆ మాట రాయడం అదే మొదటిసారి.

కుట్టిన టెండన్‌కు ఉన్న అసలు ప్రమాదం మళ్లీ తెగడం ఒక్కటే కాదు. సాగిపోయి అతుక్కోవడం కూడా. పొడవు పెరిగిన టెండన్ నొప్పి పెట్టదు, కానీ పిక్క కండరం ఎంత లాగినా మడమ పూర్తిగా లేవదు. అలా జరిగితే ఆ మనిషి జీవితాంతం ఒక కాలితో నేలను నెట్టలేరు. దీన్ని నివారించడానికి మడమ కింద వెడ్జ్ పెడతాం. అది ఏటవాలుగా కోసిన గట్టి స్పాంజి ముక్క. బూటులో మడమను ఎత్తి ఉంచి టెండన్ మీద లాగుడు తగ్గిస్తుంది. ఎనిమిదో వారంలో ఊతకర్రలు తీసేసి ఆమె కాన్వాస్ బూటులో ఐదేసి మిల్లీమీటర్ల వెడ్జ్‌లు మూడు అమర్చాను. మొత్తం పదిహేను. రెండు వారాలకొకటి చొప్పున తీసేయాలి. నేను చదువుకున్న పద్ధతి అదే, గోడ మీద అతికించిన పట్టికలో ఉన్నదీ అదే.

పదో వారంలో మొదటి పొర తీయబోయి ఆగిపోయాను. రెండు వారాలు మనిషి బరువు మోసిన స్పాంజి నలిగి ఉండాలి. క్యాలిపర్‌తో కొలిస్తే 14.7 మిల్లీమీటర్లు ఉంది. దాదాపు కొత్తదే.

“నరసమ్మ గారూ, ఈ బూట్లు రోజుకు ఎన్ని గంటలు వేసుకుంటున్నారు?”

“ఇక్కడికొచ్చినప్పుడు.”

“మిగతా సమయం?”

ఆమె నన్ను వింతగా చూశారు. “ఇంట్లో బూట్లేసుకుని తిరుగుతారేటి సయామా? కొట్లో బల్ల మీద మెత్త ఉంటాది, అక్కడా ఒట్టి కాళ్లే. శుక్రోరం కోవిలకెల్తే గుమ్మంలోనే ఇప్పేస్తాం. మీరేస్కుంతున్నారా?”

నేను నా పాదాల వైపు చూసుకున్నాను. చెప్పులు గది బయట, ఆమె బూట్ల పక్కనే ఉన్నాయి. పంతొమ్మిదేళ్లుగా చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చి, చెప్పులు విడిచి వచ్చిన రోగులకు ‘రోజంతా బూటులో వెడ్జ్ ఉంచుకోండి’ అని చెబుతున్నాను. ఇంట్లోనూ బూట్లు విప్పని దేశంలో ఎవరో తయారుచేసిన పట్టిక అది. దాన్ని గోడకు అతికించింది నేనే. అంతకు ముందు వచ్చిన ఎంతమంది టెండన్‌లు అలా సాగిపోయాయో నాకు తెలియదు. అడగాలని తోచనే లేదు.

ఆమెను బోర్లా పడుకోబెట్టి రెండు పాదాలు మంచం చివర వేలాడేలా ఉంచి కోణమాపకంతో కొలిచాను. టెండన్ సాగితే పాదం మరీ కిందికి, నిట్టనిలువుగా జారుతుంది. కుడి పాదానికి, ఎడమ పాదానికి తేడా మూడు డిగ్రీలు. మూడుసార్లు కొలిచాను. మూడే. నేను భయపడింది పన్నెండు.

“ఏటయింది? ఊపిరి బిగబట్టినారు?” అన్నారామె దిండులోంచి.

“మీ అదృష్టం బాగుంది.”

“అదృష్టమేటి? ఒట్టి కాళ్లతో తిరిగేటప్పుడు అడుగు పొట్టిగా ఏసేదాన్ని. నలభై ఏళ్లు తాళ్లు అమ్మినాను సయామా. ముడి కొత్తగా ఏసిన తాడుని ఒక్కపాలి గుంజకూడదు, కొంచెం కొంచెం బరువెట్టి బిగించాల. అలాగని ఊరికే సుట్టి మూలనెట్టినా సెడిపోద్ది.”

నేను చదువుకున్న శాస్త్రం కూడా దాదాపు అదే చెబుతుంది, కొంచెం పెద్ద మాటల్లో. ఆ రోజే పట్టికను గోడ మీది నుంచి తీసేశాను. ఆమె బరువును, ఆమె రోజును గంటలవారీగా రాసుకుని, ఒట్టి పాదాలకే సరిపోయే వ్యాయామాల లెక్క కొత్తగా వేశాను. ఇంట్లో వాడుకునేందుకు వెడ్జ్‌ను బట్ట పట్టీతో నేరుగా పాదానికే కట్టుకునే ఏర్పాటు చేశాను. దాన్ని కుట్టింది ఆమే, టార్పాలిన్ దారంతో.

ఇరవై రెండో వారానికి ఆమె ఎడమ కాలి మీద పద్నాలుగు హీల్ రెయిజ్‌లు చేశారు. హీల్ రెయిజ్ అంటే ఒంటికాలి మీద నిలబడి మడమను పూర్తిగా ఎత్తి దించడం. కుడి కాలి మీద ఇరవై ఆరు. మడమ లేచిన ఎత్తు ఎడమవైపు ఎనిమిది సెంటీమీటర్లు, కుడివైపు పది. నెమ్మది పరుగుకు నేను పెట్టుకున్న హద్దు పది రెయిజ్‌లు. ఆమె దాన్ని దాటారు. డిశ్చార్జి కాగితం సిద్ధం చేసి పెద్ద డాక్టరు గారి సంతకానికి తీసుకెళ్లాను.

ఆయన దాన్ని చదివి ‘పరుగుకు అనుమతి’ అన్న వాక్యం కొట్టేశారు. “పరుగు మంచిది కాదు, అని రాయండి. యాభై ఏడేళ్లు. మెట్లెక్కుతోంది కదా, చాలు. మళ్లీ తెగితే మన పేరు చెబుతుంది,” అన్నారు.

“సార్, కొలతలు చూడండి.”

“కొలతలు బాగున్నాయి. వయసు బాగాలేదు.”

ఆయన సంతకం చేసిన కాగితం జ్యోతి చేతికి వెళ్లింది. మర్నాడే నరసమ్మ గారు ఒంటరిగా వచ్చారు.

“బూట్లు బీరువాలో ఎట్టి తాళం ఏసింది మా పిల్ల. బూట్లయితే దాసింది గాని, కాళ్లు దాయలేదు గదా!” అని నవ్వి, కుర్చీలో కూర్చున్నాక నవ్వు ఆపేశారు. “నిజం సెప్పండి సయామా. తెగితే ఏటవుద్ది?”

“రెండోసారి కుట్టాలి. రెండోసారి మొదటిసారంత బాగా అతకదు. కుంటుతూ నడవవచ్చు. నిచ్చెన ఎక్కలేరు. దుకాణం ఒక్కరే నడపలేరు.”

“తెగుద్దా?”

“చెప్పలేను. తెగదని నా కొలతలు చెబుతున్నాయి.”

ఆమె పిక్క రుద్దుకున్నారు. “ఎల్తాను. మీరు రాసినా ఎల్తాను, రాయకపోయినా ఎల్తాను. రాస్తే మా పిల్ల నిద్రపోద్ది, అంతే తేడా.”

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. బాగైన కాలిని బాగైందని రాయడానికి భయపడే కాగితం మీద. నా పేరుతో, నా రిజిస్ట్రేషన్ నంబరుతో, విడిగా ఒక ఉత్తరం రాశాను. కొలతలన్నీ వేశాను. ‘3.2 కిలోమీటర్లు, నెమ్మదిగా, నా సమక్షంలో’ అని రాసి సంతకం చేశాను. జ్యోతి దాన్ని రెండుసార్లు చదివి, బీరువా తాళం తీసింది.

ఆ విధంగా నేను ఆగస్టు వానలో గట్టు మీద ఉన్నాను. మిగతా బృందం మొదటి నిమిషంలోనే కనుమరుగైంది. దారి చూపే కాగితం ముక్కలు తడిసి మట్టిలో కలిసిపోతున్నాయి. నియమం ఒక్కటే పెట్టాను. బురదలో నుంచి పాదాన్ని వేళ్లతో నెట్టి తీయకూడదు, మోకాలు వంచి పైకి లాగాలి. ఆమె ఆ నియమం తప్పలేదు. నేను తప్పి రెండుసార్లు పడ్డాను.

నాట్లు వేస్తున్న ఒక రైతు నడుము ఎత్తి బర్మాలో అడిగాడు: “అమ్మా, మిమ్మల్ని ఎవరు తరుముతున్నారు?”

“ఎవరూ లేరు! అందుకే ఇంత నెమ్మది!” అని ఆమె కేక వేశారు. అతని పక్కనున్న ఆడవాళ్లు నారు కట్టలు వదిలేసి నవ్వారు.

1.4 కిలోమీటర్ల దగ్గర కాగితాలు రెండు దిక్కుల్లో కనిపించాయి. ఒకటి ఉత్తుత్తి దారి, వేగంగా వెళ్లేవాళ్లను దారి తప్పించడానికే వేస్తారు. బృందమంతా అటు పోయింది. మేము నిలబడి, ఊపిరి తీసుకుని, మట్టిని చూసి రెండో దారి పట్టాం. దాదాపు నాలుగు నిమిషాలు మేమే అందరికంటే ముందున్నాం. ఆమె వెనక్కి తిరిగి నాకు వేలు చూపించారు, ఒకటి అని.

2.1 కిలోమీటర్ల దగ్గర మడి నుంచి మడికి నీళ్లు మళ్లించే గండిలో ఆమె ఎడమ కాలు పిక్క దాకా దిగింది. లాగారు. ‘టప్’ అని చప్పుడైంది. ఆమె ముందుకు వంగిపోయారు.

టెండన్ తెగినప్పుడు వచ్చే చప్పుడు రోగులు నాకు చాలామంది వర్ణించారు. నేను నీళ్లలో దిగి, “కదలకండి!” అని అరుస్తూ ఆమెను గట్టు మీద మోకాళ్లపై కూర్చోబెట్టాను. పిక్కను వేళ్లతో గట్టిగా నొక్కాను. టెండన్ ఉంటే పాదం కదలాలి, తెగితే కదలదు. బురదకు వేళ్లు జారాయి. నా లుంగీ అంచుతో తుడిచి మళ్లీ నొక్కాను. పాదం కదిలింది. మళ్లీ నొక్కాను. మళ్లీ కదిలింది.

అప్పుడు గమనించాను, ఆ పాదానికి బూటు లేదు. ఆమె వంగి ఉన్నది నొప్పితో కాదు, నవ్వుతో.

“బూటుని నేల మింగేసింది సయామా! నన్ను మింగలేదు!”

మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. దొరకలేదు. ఆమె రెండో బూటు విప్పి నడుముకు కట్టుకుని నా మొహం వైపు చూశారు. గాజు పెంకులు, జెలగలు, గేదెల మురికి, అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఇంకో లెక్క కూడా ఉంది. ఈ మడమ తన బరువు మోయడం నేర్చుకున్నదే ఒట్టి నేల మీద.

“గట్టు మీది గడ్డి వదలకూడదు,” అన్నాను.

“అలాగే.”

మిగిలిన 1.1 కిలోమీటర్లు ఆమె ఒట్టి పాదాలతో పరుగెత్తారు. ఆ పొట్టి అడుగులు నిమిషానికి ఎన్ని పడుతున్నాయో నేను లెక్కపెట్టవలసింది. చివరి పది నిమిషాలు స్టాప్‌వాచ్ చూడలేదని తరువాత తెలిసింది. వాన మా మీద, మడుల మీద ఒకే చప్పుడుతో పడుతోంది. ఆమె మాట్లాడడం మానేసి, నోరు తెరిచి పరుగెత్తుతున్నారు. అందులో ప్రయోజనమేమీ లేదు. ఎవరికీ ఏమీ నిరూపించడమూ లేదు. ఒక మనిషి తనకు బాగుండే పని చేస్తోంది, అంతే.

ఈ కేసు తరువాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. కొత్త రోగి ఎవరైనా సరే, ఇంట్లో, పనిలో, కోవిలలో, చర్చిలో కాళ్లకు ఏముంటుందో గంటలతో సహా ముందే రాసుకుంటాను. లక్ష్యం గడిలో రోగి చెప్పిన మాటే, చెప్పిన భాషలోనే రాస్తాను. నాకు నచ్చకపోతే నచ్చలేదని కింద రాస్తాను, పైది మాత్రం కొట్టేయను.

ఆ సాయంత్రానికి అయిన ఖర్చు, నష్టం ఇవి. సమయం 46 నిమిషాలు. ఎడమ కాలి కాన్వాస్ బూటు ఒకటి. స్టాప్‌వాచ్ ఒకటి, లోపల నీళ్లు చేరి మర్నాటికి ఆగిపోయింది. జెలగలు కరిచిన చోట్లు మూడు, రెండు నావి. నా కుడి బొటనవేలి గోరు. ఆమె ఎడమ పిక్క చుట్టుకొలతలో కుడిదాని కంటే తక్కువగా ఉన్న ఒకటిన్నర సెంటీమీటర్లు, ఇంతవరకు తిరిగి రాలేదు. సంచౌంగ్ క్లినిక్‌లో నా ఉద్యోగం, ఆ తరువాతి బుధవారం నుంచి. టెండన్‌కు నష్టం లేదు.