పల్లేరు కాయలు, ఐదో పెళ్లిచూపులు

గుంతకల్లు దగ్గరి మా ఊళ్లో వానలు మొండికేసినా పల్లేరు మాత్రం మొండికేయదు. నేలను కరుచుకుని పాకి, పసుపుపచ్చటి పూలు పూసి, ఆపైన ముళ్ల కాయలు కాస్తుంది. డెబ్బైల్లో ఒక ఏడు మా చేలో వేరుశనగ మాడిపోయి అదొక్కటే పండింది. నాయనకు మూత్రంలో రాళ్లు. అవ్వ ఆ కాయలు ఏరుకొచ్చి కషాయానికని వాకిట్లో ఎండబెట్టేది.

అప్పుడే నాకు పెళ్లిచూపులు. అంతకు ముందు నాలుగు సంబంధాల వాళ్లు వచ్చి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, "ఇంటికి పోయి ఉత్తరం రాస్తాం" అని వెళ్లారు. ఒక్క ఉత్తరమన్నా వస్తే ఒట్టు! పోస్టుమాన్ వీధిలోకి వస్తే నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. సిగ్గుతో కాదు, కడుపుమంటతో.

ఐదో అబ్బాయి, వాళ్ల నాయన, మేనమామ విడపనకల్లు నుంచి మూడు సైకిళ్ల మీద వచ్చారు. అదృష్టవంతులు నక్కను తొక్కి వస్తారంటారు. వీళ్లు మా పల్లేరు కాయలను తొక్కి వచ్చి సైకిళ్లు గోడకానించారు. అబ్బాయి నన్ను ఒక్కసారే చూశాడు. నేను మూడుసార్లు చూశాను. నచ్చాడు, ఏం చేసేది! బజ్జీలు అయిపోయాక వాళ్ల నాయన మూతి తుడుచుకుని లేచాడు.

"ఇంటికి పోయి ఉత్తరం రాస్తాం."

నా ప్రాణం ఉసూరుమంది. తీరా బయటికెళ్లి చూస్తే ఆరు చక్రాల్లోనూ గాలి లేదు. పంక్చర్లు వేసేవాడు పక్క ఊళ్లో ఉంటే నాయన అతనికి కబురంపాడు. ముగ్గురూ మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. గంట గడిచింది. రెండు గంటలైంది. వాన సంగతి మాట్లాడదామంటే వానే లేదు.

అవ్వ ఊరుకునే రకమా? పోస్టుకార్డు, పెన్ను తెచ్చి పెద్దాయన ముందు పెట్టింది.

"ఏమప్పా, ఎట్లాగూ ఇంటికి పోలేకుండా ఉండారు. ఆ ఉత్తరమేదో ఈడనే రాయండి. మేమూ ఈడనే ఉండాము, చదువుకుంటాము."

పెద్దాయన బామ్మర్ది మొహం చూశాడు. బామ్మర్ది సైకిల్ వైపు చూశాడు. ఈలోగా అబ్బాయి కార్డు లాక్కుని గబగబా రాసి మా నాయన చేతికిచ్చాడు. నాయన గొంతెత్తి చదివాడు: "అమ్మాయి నచ్చింది. మాకు సమ్మతమే. పంక్చర్ అతను ఇంకా రాలేదు."

తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. ఏడ్చాను కూడా.

సాయంత్రం వాళ్లు వెళ్లాక, ఇంకెవరికీ గుచ్చుకోకూడదని చీపురు తీసుకుని ఆ కాయలన్నీ ఊడ్చేస్తున్నాను. అవ్వ కేకేసింది.

"పారేయొద్దే! ఇంకా నీ చెల్లెలుండాది."