సరుగుడు తోటలో పదకొండు మోళ్లు

గుడివాడ నుంచి దివిసీమ వెళ్లాలంటే పామర్రు మీదుగా బస్సు ఉంది. తొందర ఉన్నవాళ్లు అదే ఎక్కాలి. ఆ కార్తీకమాసపు ఉదయం నాకు తొందర లేదు. చదువుకుంటూ వెళ్లొచ్చని ఆరుంబావుకి బందరు రైలెక్కాను.

నాది సైకిల్ రిపేరు షాపు. సాయంత్రాలు గ్రంథాలయంలో గడుస్తాయి. మా సంతకి ఎండుచేపలు తెచ్చే నాంచారయ్య, చేతిలో పుస్తకం చూసి నన్ను మాస్టారూ అంటాడు. కోడూరు దాటాక సముద్రం ఒడ్డున అతని ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట ఉంది. తుఫాను గాలి ముందు దానికి తగిలి, నీరసించి ఇళ్ల మీదికి వస్తుంది. ఆ చెట్లకి పురుగు పట్టిందని అంతకు నాలుగు రోజుల ముందు ఫోన్లో ఫోటోలు చూపించి, నాకూ పంపాడు. కాండాల మీద రంపపు పొట్టులాంటి చారలు.

అప్పటికి నేను చలిదేశాల పైన్ అడవుల్ని చంపే పురుగుల గురించి లావుపాటి పుస్తకం పూర్తి చేసి ఉన్నాను. బెరడు కింద చేరే పెంకు పురుగు అది. పట్టిన చెట్లతో పాటు చుట్టూ ఒక వరస పచ్చి చెట్లను కూడా నరికేస్తేనే ఆగుతుందని చదివాను. రెండు చెట్లకీ సూదుల్లాంటి ఆకు, బెరడు మీద పొట్టు. ఇంకేం కావాలి? చుట్టూ వరసతో సహా నరికేయమన్నాను. ఊరి పెద్దలు కూర్చుని కట్టుబాటు వేశారు. నరికే రోజు పడవ కదలకూడదు, ఇంటికో మనిషి గొడ్డలితో రావాలి, తొమ్మిదిన్నరకి మొదలు. అది చూడ్డానికే నా ప్రయాణం.

గుడ్లవల్లేరులో ఎక్కిన పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నారు. బందరులో సరుగుడు కర్రల వ్యాపారమట. నేను గొప్పగా ఫోటోలు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.

“దీనికి నరకడమేంటండీ? ఇది గొంగళి. పగలు బొక్కలో పడుకుంటది, రాత్రి ఆ పొట్టు గూడు కింద చేరి బెరడు గీరి తింటది. గూడు దులిపి, బొక్కలో ఇనప ఊచ పెట్టి పొడవండి. కిరసనాయిల్లో ముంచిన దూది కుక్కి మట్టి పూస్తే సరి.”

పుస్తకంలో ఉన్నది చెప్పాను. పైన్ చెట్టుకీ సరుగుడుకీ చుట్టరికమే లేదన్నారాయన. “ఎప్పుడైనా సరుగుడు నీడన కూర్చున్నారా, లేక పుస్తకం నీడనేనా?”

పక్కవాళ్లు నవ్వారు. నేను నాంచారయ్యకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పెడన, చిలకలపూడి దాటేలోపు ఆరుసార్లు చేశాను.

ఏడున్నరకి బందరులో దిగి బస్టాండుకి పరుగెత్తాను. అవనిగడ్డ బస్సు ఎనిమిదింబావుకి కదిలింది. టిఫిన్ సంగతే గుర్తులేదు. చల్లపల్లిలో జనం కోసం పది నిమిషాలు ఆపితే డ్రైవరుని బతిమాలాను. “పెళ్లి ముహూర్తమా గురువుగారూ?” అన్నాడు. మోపిదేవి దగ్గర నాంచారయ్య భార్య ఫోన్ ఎత్తింది. ఆయన ఫోను ఇంట్లో పెట్టి గొడ్డలి పట్టుకెళ్లాడట.

“నేను చెప్తే ఆపరండి. మీ మాట మీద వేసిన కట్టుబాటు. మీరే వచ్చి అందరి ముందూ చెప్పాలి.”

అవనిగడ్డలో తొమ్మిదిన్నర. షేర్ ఆటో నిండేదాకా ఆగలేక అన్ని సీట్లకీ నేనే ఇస్తానన్నాను. కోడూరు దాటి తోట దగ్గర దిగేసరికి పదిన్నర. గొడ్డలి దెబ్బలు రోడ్డు మీదికే వినిపిస్తున్నాయి.

ఆపమని అరిచాను. ఎవరూ ఆపలేదు. చుట్ట కాలుస్తూ నిలబడ్డ ఊరిపెద్ద పోతురాజు గారి దగ్గరికి వెళ్లి రైల్లో విన్నదంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

“అయితే మొన్న తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?”

చుట్టూ అరవై మంది ఉంటారు. గొడ్డళ్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. నాంచారయ్య నా వైపు చూడటం లేదు.

“తెలియకే చెప్పానండి. నేను చదివింది వేరే చెట్టు గురించి.”

“ఇప్పుడైనా తెలుసా? చూపించండి.”

చెట్టుకి ఆనించిన చేపల సైకిల్ నుంచి ఒక స్పోకు విప్పాను. అది మాత్రం నాకు వచ్చిన పని. మొదటి చెట్టు మీద గూడు దులిపితే బొక్క ఖాళీ. వెనకాల ఎవరో చిన్నగా నవ్వారు. రెండో చెట్టుకి బొక్క లోతుగా ఉంది. స్పోకు మెత్తగా దేనికో తగిలింది. బయటికి తీసి కొన వంచి, మళ్లీ దూర్చి లాగితే చిటికెన వేలంత గొంగళి వచ్చింది.

పోతురాజు గారు దాన్ని అరచేతిలో వేసుకుని అందరికీ చూపించారు. “గొడ్డళ్లు దించండ్రా. ఇంటికి పది చెట్లు. ఊచలు తెచ్చుకోండి.”

మధ్యాహ్నం నాంచారయ్య ఇంట్లో చేపల పులుసుతో అన్నం పెట్టారు. సాయంత్రం దాకా నేనూ గొంగళ్లు తీశాను. అప్పటికే కూలినవి పదకొండు చెట్లు. వాటిలో తొమ్మిదింటికి గూడే లేదు. నా పుస్తకం ప్రకారం నరికిన పచ్చి వరస.

ఆటో దాకా సాగనంపుతూ నాంచారయ్య అప్పుడు మాట్లాడాడు. “మొక్కలేస్తే మూడేళ్లకి గాలి ఆపుతాయి మాస్టారూ. అప్పటిదాకా తుఫాను ముందు మా ఇంటికే వస్తది.”

తిరుగు ప్రయాణం పామర్రు మీదుగా, నేరుగా. పుస్తకం సంచిలోంచి తీయలేదు. సముద్రం చూడ్డానికి ఆ దారిన వెళ్లేవాళ్లకి పచ్చటి గోడలాంటి తోటలో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. అందులోంచి కనిపించే రేకుల ఇల్లు నాంచారయ్యది.