సెట్టింగులు ముట్టొద్దు

ఆత్మకూరు బస్టాండు పక్క డీటీపీ షాపులో పనిచేసే కరుణశ్రీ కీబోర్డు మీద ‘ఎ’ అక్షరం ఎప్పుడో చెరిగిపోయింది. ఎవరు టెక్స్ట్ ఫైలు తెచ్చినా, వర్డ్‌లో తెరిస్తే పాత టైపు మిషను మాదిరి బక్క అక్షరాలు వస్తాయి. గాజులు మోచేతి దాకా తోసుకుని, కంట్రోల్, ఎ కలిపి ఠపీమని కొట్టి, మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మారుస్తుంది. రోజుకు నలభైసార్లు, మూడేళ్ళుగా ఇదే కర్మ. ఆ ఫైళ్ళలో అసలు ఫాంటే ఉండదని, వర్డ్‌లో ఒక్కసారి సరిచేస్తే చాలని ఓనరు పెంచలనరసింహానికి చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. “సెట్టింగులు ముట్టుకున్నావంటే ఊరుకోను” అంటాడు.

సోమవారం ఆయన ఉదయగిరి పోయినప్పుడు, పళ్ళు కొరుక్కుంటూ ఆ సెట్టింగు తనే మార్చేసింది. సాయంత్రం ఆయన తిరిగొచ్చి, ఎప్పుడూ వచ్చే మర్రిపాడు బడి అయ్యవారు ఫైలు తెస్తే తెరిచాడు. అక్షరాలు ముచ్చటగా వచ్చాయి.

“ఈరోజేంది, తెరవంగానే ఇంత బాగుండాది?” అన్నాడు అయ్యవారు.

“నేనే సెట్ చేసి పెట్టినా సార్. ఈ పిల్లకేం తెలుస్తాది?”

కరుణశ్రీ ముఖం కందిపోయింది. ఓనరు చేతిలోని మౌస్ లాక్కుని, సెట్టింగులో పాత ఫాంటే మళ్ళీ పెట్టి, ఫైలు మూసి తెరిచింది. బక్క అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఆమె బ్యాగు భుజాన వేసుకుంది.

“నువ్వు చేసిందే గదన్నా. ఇంకోసారి చెయ్యి, సార్ చూస్తాడు.”